టబ్బులో పాము – చాపపై మనము

ఈ వార్షిక సంచికకు తెలుగు విభాగమునుండి రచనలు కోరుచు మేము నోటీసు బోర్డుపై కాగితము అంటించిన వారము దినములకు, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్న విద్యార్థి యొకడు నాలుగు పుటల వ్రాతను తెచ్చి మా బల్లపై పెట్టినాడు. శీర్షిక ‘మా గదిలో అతిథి’. ఏ మేనమామయో, ఏ చిన్ననాటి మిత్రుడో ఊరినుండి వచ్చిన కథ కాబోలునని చదువ మొదలిడినాము. రెండవ పేరాకు వచ్చుసరికి చేతిలోని టీ గ్లాసును బల్లపై దించివేసినాము. అతిథి పాము. వసతి గృహములోని తన గదిలో, గోడవారగా, మూత గల ప్లాస్టిక్ టబ్బులో పదునొకండు దినములుగా దానిని పెంచుచున్నానని ఆ అబ్బాయి ఎంతో మురిపెముగా వ్రాసినాడు.

నిజము చెప్పవలెనన్న, ఈ యేడు మాకు అందిన రచనలలో అంత శ్రద్ధతో వ్రాసినది మరొకటి లేదు. సత్తెనపల్లికి దగ్గరలోని తమ ఊరికి సెలవులకు వెళ్ళినపుడు, వంటచెరకుకై పేర్చిన పత్తి కట్టె మోపును తీయుచుండగా అది కనబడినదట. తండ్రి కర్ర తెచ్చులోపల దానిని ఖాళీ బిస్కట్ల డబ్బాలోనికి తోసి మూత పెట్టినాడట. చంపుట ఇష్టము లేక ఆ డబ్బాను సంచిలో పెట్టుకొని బస్సెక్కినాడట. ఆ బస్సులో ఇంకెందరు ఉండిరో అతడు వ్రాయలేదు. చదువుచున్న మాకు మాత్రము ఆ సీట్లన్నియు కండ్లకు కట్టినవి.

పిదప టబ్బు సంగతి. బజారులో మూతకు రెండు ప్రక్కల కొక్కెములున్న టబ్బును ఏరి కొన్నాడు. గ్యాసు పొయ్యిపై మేకు కాల్చి, ప్రక్కలకు వరుసగా రంధ్రములు పెట్టినాడు. లోపలినుండి వెలుపలికి పొడిచినాడు. ఆ విధముగా చేయనిచో కరిగిన ప్లాస్టిక్ అంచు లోపలి వైపునకు మొనదేరి పాము ఒంటిని గీరునట. అడుగున దినపత్రిక పరచినాడు – ఒక పొర ఉర్దూ పత్రిక, ఒక పొర తెలుగు పత్రిక. మన కళాశాల సంప్రదాయమును పాము విషయములో కూడ తప్పలేదు. పగిలిన కుండ పెంకుకు ఒక ప్రక్క గంటు కొట్టి బోర్లించి, దాగుటకు ఇల్లు చేసినాడు. పాముకు దాగు చోటు లేకున్న బెదరి తిండి మానునని అతడు నేర్చుకొన్నాడు. ఊరగాయ జాడీ మూతలో నీళ్ళు పెట్టినాడు. మొదటి రెండు దినములు పాలు కూడ పోసినాడు గాని, అవి విరిగి వాసన వేయుటచే మానివేసినాడు. కిటికీ ఎండ తాకినపుడెల్ల టబ్బును నీడకు జరిపినాడు. మూత పెట్టిన ప్లాస్టిక్ టబ్బు మన ఎండలో క్షణములలో పొయ్యి అగునని అతనికి ఎవరును చెప్పలేదు. తానే చేయి పెట్టి చూచి తెలిసికొన్నాడు.

ఇదంతయు ఎక్కడ నేర్చితివని పిలిచి అడిగినాము. సెల్‌ఫోనులో విదేశీయులు చూపించు పద్ధతి అన్నాడు. అమెరికా వంటి దేశములలో కార్న్ స్నేక్, బాల్ పైథాన్ వంటి పాములను ఇండ్లలో ఇట్లే టబ్బులలో పెంచుదురు. అవి విషము లేనివి. తరతరములుగా మనుష్యుల చేతులలోనే గ్రుడ్లనుండి వెలువడినవి. అక్కడి చలికి టబ్బు ఒక కొసన విద్యుత్తుతో వేడి కల్పించి, రెండవ కొసను చల్లగా ఉంచుదురు. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకొనలేదు కనుక, వలసినపుడు వెచ్చని వైపునకు, వలదనిన చల్లని వైపునకు అదియే జరుగును.

“మరి నీ పాము ఏ జాతిది?” అని అడిగినాము.

“తోడేలు పాము సార్. విషం లేదు. ఫోన్లో బొమ్మతో సరిచూశాను. ఒంటి మీద చారలు అచ్చం అలాగే ఉన్నాయి.”

జంతుశాస్త్రము బోధించు మిత్రుని వెంటబెట్టుకొని ఆ సాయంత్రమే వసతి గృహమునకు వెళ్ళినాము. గదిలో నలుగురు అబ్బాయిలు. నాలుగు చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నవి. వాటి ప్రక్కనే టబ్బు. మిత్రుడు మూత తీయనీయలేదు. నేలపై బోర్లగా పడుకొని, టబ్బు ప్రక్కనుండి టార్చి వేసి చాలసేపు చూచినాడు. పాము పెంకు క్రిందినుండి సగము వెలుపలికి వచ్చి ఉన్నది. నిగనిగలాడు నల్లని ఒళ్ళు. దానిపై సన్నని తెల్లని కట్లు, జంటలు జంటలుగా.

“దీన్ని చేత్తో పట్టుకున్నావా?” అని మిత్రుడు అడిగినాడు.

“రెండు మూడు సార్లు సార్. పగలు చాలా సాధువు. తల చుట్టలో దాచుకుంటుంది, అంతే.”

మిత్రుడు లేచి కూర్చుండి, గొంతు పెంచకుండ విడమరచి చెప్పినాడు. తోడేలు పాము చారలు మెడ దగ్గరనే మొదలై, ముందు వెడల్పుగా ఉండి, తోక వైపునకు పోను పోను మాసిపోవును. ఈ పాముకు తల వెనుక కొంత మేర చారలు లేవు; తోక వైపునకు పోను పోను స్పష్టమైనవి. వీపు నడుమ వరుసగా, తక్కిన పొలుసులకంటె పెద్దవిగా, ఆరు మూలల పొలుసులున్నవి. తోడేలు పాముకు అవి ఉండవు.

“కట్లపాము” అన్నాడు.

అబ్బాయి తన అరచేతులను చూచుకొన్నాడు. ఎవరును మాటాడలేదు.

ఇక్కడ మా సంగతి కొంత చెప్పక తప్పదు. 2001వ సంవత్సరమున మేము చిన్నబడిలో చదువుచుండగా మా చాచా, అనగా మా చిన్నాన్న, కౌలు చేనిలో పండిన మిరపకాయలకు కాపలాగా కల్లములో పడుకొన్నాడు. మంచము లేదు, చాప, దానిపై దుప్పటి. రేయి ఏ వేళనో చీమ కుట్టినట్లు అనిపించి గోకికొని మరల నిద్రపోయినాడట. తెల్లవారుజామున కడుపునొప్పి అని మెలికలు తిరిగినాడు. రాత్రి తిన్నది పడలేదేమో అని మా అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చినది. ప్రొద్దు పొడుచుసరికి కనురెప్పలు వాలిపోయినవి; నిద్ర చాలలేదన్నారు. మాట ముద్దగా వచ్చునప్పటికి గాని ఎవరికిని అనుమానము కలుగలేదు. అప్పుడైనను గుంటూరు ఆసుపత్రికి పోలేదు; ప్రక్క ఊరిలో మంత్రము వేయు వానికొరకు పోయినారు. ఆయన వేపమండలతో దిగదుడుచుచుండగనే చాచాకు ఊపిరి ఆగినది. ఇరువది ఆరేండ్లవాడు. మధ్యాహ్నము చాప ఎత్తగా దాని మడతలోనుండి నల్లని, తెల్లకట్ల పాము జారినది. ఊరివారు దానిని కొట్టి కల్లము గట్టుపై వేసినారు. మేము చాలసేపు దానిని చూచుచు నిలబడినాము. అంత సన్ననిదా అని మాత్రమే అప్పుడు అనుకొన్నాము.

కట్లపాము స్వభావమే అది. పగలు మొద్దువలె పడియుండును; తాకినను తల దాచుకొనును. రాత్రి అయినచో వేటకు వెడలును. దాని కోరలు చిన్నవి. కాటు నొప్పి పెట్టదు, వాపు రాదు, గాటు కూడ ఒక్కొక్కసారి కనబడదు. విషము నరముల కొసలను పట్టి, కనురెప్పలనుండి మొదలుపెట్టి శ్వాస కండరముల వరకు ఒక్కటొక్కటిగా చచ్చుబడజేయును. కరచునది ఎక్కువగా నేలపై నిద్రించువారిని. ‘సాధువు’ అని ఆ అబ్బాయి అనుకొన్నది పగటి పామును చూచి. రాత్రి పామును అతడు చూడలేదు; టబ్బు ప్రక్క నిద్రపోయినాడు.

అటవీశాఖవారికి ఫోను చేయగా, ఉదయమే వచ్చి తీసికొనిపోదుమనియు, అంతవరకు ఎవరును మూత తెరువరాదనియు చెప్పినారు. మిత్రుడు రంధ్రములను పరీక్షించినాడు. కొన్ని పెన్సిలు దూరునంత పెద్దవి. పాము తల దూరిన చోట ఒళ్ళు కూడ దూరును. కనుక ఆ టబ్బును తెరువకుండనే అట్లే ఎత్తి, ప్రయోగశాలనుండి తెచ్చిన మరింత పెద్ద టబ్బులో దించినాము. దాని రంధ్రములు గుండుసూది మొనంత. మూతకు కొక్కెములు బిగించి, చుట్టును త్రాడు కట్టి, పైన రెండు ఇటుకలు పెట్టి, ప్రయోగశాలలో బల్లపై ఉంచి, తలుపు క్రింది సందును గోనెపట్టాతో మూసి తాళము వేసినాము. అబ్బాయిలను ఆ రాత్రి మేడమీది తరగతి గదిలో బల్లలపై పడుకొనుమన్నాము. మిత్రుడును మేమును ప్రయోగశాల వెలుపల వరండాలో రెండు కుర్చీలు వేసికొని కూర్చున్నాము. కొంతసేపటికి ఆ అబ్బాయి కూడ దుప్పటి కప్పుకొని వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. పొమ్మనలేదు.

“సార్, దీన్ని ఎవరూ పెంచకూడదా?” అని కొంత తడవునకు అడిగినాడు.

మిత్రుడు చెప్పిన సమాధానమును మీకును చెప్పుట మా విధి. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. అడవి పామును పట్టుట, ఇంట ఉంచుకొనుట దాని ప్రకారము నేరము. మన పొలములలోని నాగు, జెర్రిపోతు మొదలగునవి కూడ అడవి ప్రాణులే. కొన్ని విదేశీ పాములను ఉంచుకొను వారు కూడ వాటిని ప్రభుత్వము వద్ద నమోదు చేయవలెనని 2024లో నియమములు వచ్చినవి. అయితే అనుమతితో, విద్యతో, పాములను ఉంచు చోటు ఒకటి మన పొరుగుననే కలదు. చెన్నపట్టణమునకు దక్షిణముగా, మహాబలిపురము దారిలోని వడనెమ్మేలిలో ఇరుల తెగవారి పాములు పట్టువారి సహకార సంఘము 1978లో ఏర్పడినది. పాము తోళ్ళ వ్యాపారము నిషేధింపబడి ఆ తెగవారికి బ్రతుకుతెరువు పోగా, రోములస్ విటేకర్ అను సర్పశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో వారు ఈ సంఘము పెట్టుకొన్నారు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – ఈ నాలుగింటిని పట్టి తెత్తురు. వారి టబ్బు ప్లాస్టిక్‌ది కాదు, మట్టి కుండ. లోపల ఇసుక పోసి, పామును దింపి, మూతికి నూలు గుడ్డ కట్టుదురు. మట్టి ఊపిరి పీల్చును, చల్లగా ఉండును, చీకటి ఇచ్చును. సుమారు నెలదినములలో నాలుగు మారులు విషము పిండి, తిరిగి అడవిలో విడుతురు. మన దేశములో పాము కాటుకు ఎక్కించు మందులో పెద్ద భాగము ఆ కుండలలోని పాముల పుణ్యమే. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ అను ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. వారు ఫోనులోని బొమ్మతో సరిచూచి పామును పట్టువారు కారు. తాత చేతినుండి మనుమని చేతికి వచ్చిన విద్య అది.

“మా చాచాకు ఆ మందు అందియుండిన బ్రతికెడివాడేనా?” అని మేము మిత్రుని అడిగినాము. ఇన్నేండ్లకు మొదటిసారి అడిగినాము. మిత్రుడు కొంత ఆలోచించి, “వేళకు మందు, ఊపిరి ఆడించు యంత్రము ఉన్న ఆసుపత్రి – రెండును అందిన చాలమంది బ్రతుకుచున్నారు” అన్నాడు. మేము మరేమియు అడుగలేదు.

తెలుగు పంతుళ్ళము కనుక, ఆ రాత్రి మా మనస్సు పేర్లమీదికి పోయినది. ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు తొలుత సిరియాలోని హలబ్ పట్టణమున పనిచేసి, 1780ల నాటికి విశాఖపట్టణము చేరినాడు. విషపు పాము ఏదో, విషము లేనిది ఏదో సామాన్యులు గుర్తించు మార్గము వెదకుచు కోరమండల తీరపు పాములను సేకరించి, 1796లో పెద్ద గ్రంథముగా అచ్చువేయించినాడు. అందులో ఆయన పాములకు పెట్టిన పేర్లు ఎక్కువగా మన తెలుగువారి నోట విన్నవే. ఇప్పుడు లోకమంతయు రస్సెల్ పేరుతో పిలుచు రక్తపింజరి ఆయన పుస్తకములో ‘కాటుక రేకుల పొడ’. పసుపు, నలుపు కట్లు గల మరొక దానిని ‘బంగారు పాము’ అని వ్రాసికొన్నాడు. ఆ ‘బంగారు’ నుండియే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాఁ కట్లపాముల జాతికంతటికిని ‘బంగారస్’ అని పేరు పెట్టినాడు. అనగా ఇటుకల క్రింద ఆ టబ్బులో చుట్టచుట్టుకొన్న దాని శాస్త్రనామములో మన తెలుగు మాట ఉన్నది. పేరు మనదే, గుర్తుపట్టు నేర్పు మాత్రము మన ఇండ్లలో నిలువలేదు. పల్లెలో ఎవరినైన అడుగుడు: చారలున్న ప్రతిదియు కట్లపామే, కాకున్న ఏదియు కాదు. మొదటి పొరపాటుకు జెర్రిపోతు వంటి సాధుజీవి, మన కల్లములలోని ఎలుకలను తిని ధాన్యము నిలుపునది, కర్రకు బలియగును. రెండవ పొరపాటుకు మనిషి బలియగును.

తెల్లవారినది. అటవీ సిబ్బంది ఇరువురు వచ్చినారు. పొడవైన కొక్కెముతో, మారు మాట లేకుండ, రెండు నిమిషములలో పామును సంచిలోనికి దించి మూతి కట్టినారు. అబ్బాయిని మందలించినారు, తానే ముందుకు వచ్చి అప్పగించెను కనుక అంతటితో విడిచినారు. వెళ్ళుచు వారిలో పెద్దవాడు టబ్బును త్రిప్పి చూచి, “ఎవరు చేశారో గానీ, బాగా చేశారు” అన్నాడు. అబ్బాయి ముఖమున సంతోషమును సిగ్గును ఒక్కసారిగా కదలాడినవి.

ఆ మాటయే మమ్ము ఇంతవరకు వెంటాడుచున్నది. బాగుగనే చేసినాడు. ఒక ప్రాణికి ఏమి కావలెనో ఒక్కొక్కటిగా ఆలోచించినాడు: తల దాచుకొను చోటు, గాలి, నీరు, నీడ, మెత్తని పరుపు, గీరుకొనని గోడ. అతనికి తప్పినది ఒక్కటే – వచ్చినది ఎవరో తెలిసికొనకయే ఆతిథ్యమిచ్చినాడు. కాని ఆ గదిలో మరొక లెక్క కూడ మాకు కనబడినది. పాముకు రెండు పొరల పత్రిక పరచిన ఆ అబ్బాయి తాను పడుకొన్నది నేలపై, ఒక పొర చాపపై. పాము ఇంటికి గంటు కొట్టి వాకిలి అమర్చిన ఆ గది తలుపు క్రింద మూడు వ్రేళ్ళు పట్టు సందున్నది. టబ్బు లేకున్నను కట్లపాము ఆ సందునుండి రాగలదు. మా చాచా దగ్గరకు దానిని ఎవరును టబ్బులో తీసికొనిపోలేదు కదా.

మన దేశములో 2000 నుండి 2019 వరకు పాము కాటుకు సుమారు పన్నెండు లక్షలమంది మరణించినారని 2020లో ప్రకటితమైన పరిశోధన లెక్కగట్టినది. అనగా ఏడాదికి సగటున 58,000. మృతులలో అత్యధికులు పల్లెలవారు. సగము మరణములు వానకాలపు నెలలలోనివి. మరణములు అధికముగా ఉన్న రాష్ట్రములలో మనది ఒకటి. 2030 నాటికి ఈ మరణములను సగము చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో కార్యప్రణాళిక ప్రకటించినది. ఆ సగములో మన వసతి గృహము వంతు మనము చేయగలము.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. నేలపై నిద్రించు ప్రతి విద్యార్థికి ఒక మంచము, అంచులను పరుపు క్రిందికి దోపుటకు వీలగు దోమతెర ఇప్పింపుడు. దోమతెర దోమలనే గాక కట్లపామును కూడ ఆపును. తలుపుల క్రింది సందులు మూయింపుడు. స్నానపు గదులకు పోవు దారిలో దీపము పెట్టింపుడు. గోడల వెంట పేర్చిన పాత ఇటుకలను, కట్టెలను తీసివేయింపుడు; అవి ఎలుకలకు ఇండ్లు, ఎలుకల వెంట వచ్చు వానికి త్రోవలు. ఇవి పెద్ద ఖర్చులు కావు.

విద్యార్థులకు మా మాట. ఏ పామునైనను చేతితో తాకవలదు; ఫోనులోని బొమ్మను నమ్మి జాతిని నిర్ణయింపవలదు. చంపవలదు, పెంచవలదు, దూరముగా నిలిచి అటవీశాఖకు కబురు పెట్టుడు. కాటు పడెనా, కోయవలదు, పీల్చవలదు, బిగించి కట్టవలదు. ఉంగరములు, గాజులు తీసివేసి, కరచిన కాలో చేయో కదలకుండ బద్ద కట్టి, నడిపింపక, తిన్నగా ఆసుపత్రికి చేర్చుడు. నేలపై పడుకొన్న మనిషి తెల్లవారుజామున కారణము తెలియని కడుపునొప్పి అని, రెప్పలు వాల్చుచున్నచో, గాటు కనబడకున్నను ఆసుపత్రికే. వాము నీళ్ళు తరువాత.

ఆ అబ్బాయి తన వ్యాసమును వెనుకకు తీసికొన్నాడు, అచ్చువేయవద్దని కోరినాడు. అందుచేత దాని స్థానమున ఇది వ్రాసినాము. టబ్బు ఖాళీగా వసతి గృహపు వరండాలో ఉన్నది. అతడు దానిని కడిగి ఎండబెట్టినాడు. రంధ్రములున్నవి కనుక నీళ్ళకు పనికిరాదు. నిన్న చూడగా అందులో ఒక టార్చి, బద్దలు కట్టుటకు నాలుగు కర్రచెక్కలు, గుడ్డ పట్టీలు పెట్టి, మూతపై అంబులెన్సు సంఖ్య 108 అని పెద్ద అక్షరములతో ఉర్దూలోను తెలుగులోను వ్రాసియున్నది. దస్తూరి అతనిదే.